పసుపు పొట్లం, బూడిద పొట్లం: సురక్ష క్లినిక్‌కు మూడుసార్లు వెళ్ళి వచ్చాక

ఆసుపత్రి పేరు రాయను, అది ఏ ఊళ్ళో ఉందో కూడా రాయను. పూతరేకుల దుకాణం గురించి అయితే ఆత్రేయపురంలో ఫలానా మలుపు దగ్గర, ఎర్ర తలుపుల ఇల్లు అని గుర్తులతో సహా చెబుతాం. ఇక్కడ ఆ గుర్తులు చెబితే జనం క్లినిక్‌ను కాదు, నన్ను పోల్చుకుంటారు. వశిష్ఠ గోదావరికి ఇవతల, సఖినేటిపల్లి వైపు లేసు అల్లుకుని బతికే ఆడవాళ్ళలో నేనొకదాన్ని. మా ఆయన మస్కట్‌లో డ్రైవరు. ఇంతవరకే చెబితే నన్ను ఎవరూ పట్టుకోలేరు, మా వైపు ఇంటికొకరు ఏదో ఒక దేశంలో ఉన్నారు.

అయినా నష్టం లేదు. గది తలుపు మీద 'సురక్ష క్లినిక్' అని రాసి ఉంటుంది. లైంగికంగా సోకే జబ్బులకూ, జననాంగాల్లో వచ్చే ఇన్ఫెక్షన్లకూ ప్రభుత్వ ఆసుపత్రుల్లో దేశమంతటా పెట్టిన పేరే అది. జిల్లా ఆసుపత్రుల్లో అడిగితే చూపిస్తారు. నేను మాత్రం మొదట బీమా కార్యాలయం అనుకున్నాను. బ్యాంకులో ఏటా 20 రూపాయలు కోసుకునే ప్రమాద బీమా పేరు కూడా సురక్షే కదా. పేరు కింద చిన్న అక్షరాలతో 'ఎస్‌టీఐ / ఆర్‌టీఐ' అని ఉంది. ఒకటి లైంగికంగా సోకే జబ్బులకూ, రెండోది జననాంగాల ఇన్ఫెక్షన్లకూ ఇంగ్లీషు పొట్టి పేర్లని అప్పటికి తెలియదు. నాకు తెలిసిన ఆర్‌టీఐ అంటే సమాచార హక్కు. ఆసుపత్రిలో దానికో గది ఎందుకో అనుకుంటూ కాసేపు నిలబడ్డాను.

అసలు సంగతి 2023 మాఘమాసంలో మొదలైంది. అంతర్వేది తీర్థానికి అందేలా మా ఆయన మూడు నెలల సెలవు మీద వచ్చారు. ఫాల్గుణం సగానికి వచ్చేసరికి నాకు పొత్తికడుపులో సలుపు, తెల్లబట్ట, మూత్రానికి వెళితే మంట. మా వైపు వీటన్నిటికీ కలిపి ఒకటే పేరు ఉంది: వేడి. వేడి చేసింది అంటే అత్తగారు ఒప్పుకుంటుంది, పొరుగావిడ ఒప్పుకుంటుంది, ఎవరూ రెండో ప్రశ్న వేయరు. మందు కూడా అందరికీ తెలిసిందే. సబ్జా గింజలు, బార్లీ నీళ్ళు, మెంతులు నానేసిన మజ్జిగ, పూటకొక కొబ్బరి బొండం. కోనసీమలో బొండాలకు కొదవేముంది? పన్నెండు రోజులు తాగాను. చెట్లెక్కి దింపు తీసే మనిషికి పని పెరిగింది తప్ప నా సలుపు తగ్గలేదు.

ఆ తర్వాత వీధి చివర వైద్యం చేసే ఆయన దగ్గర రెండు ఇంజెక్షన్లు. ఆ తర్వాత మందుల షాపు. షాపులో నా వెనక ముగ్గురు నిలబడి ఉంటే 'అదే, ఆడవాళ్ళకు వచ్చే మంట' అన్నాను. అతను కాగితంలో చుట్టి మూడు రోజుల మాత్రలు ఇచ్చాడు. ఏం మాత్రలో ఇప్పటికీ తెలియదు. వేసుకున్న రెండో రోజుకు తగ్గినట్టే అనిపించి, వారానికి మళ్ళీ మొదలైంది, ఈసారి జ్వరంతో.

పంటు మీద, అంటే మనుషుల్నీ బళ్ళనీ దాటించే పడవ మీద, నది దాటి ఆ ఆసుపత్రికి వెళ్ళమని చెప్పింది మా ఊరి ఆశా కార్యకర్త. "అక్కా, అక్కడ పేరు పెట్టి పిలవరు, నెంబరుతో పిలుస్తారు" అంది. నన్ను కదిలించింది ఆ ఒక్క మాటే. ఉగాది వెళ్ళిన వారం, లేసు దారం కొనుక్కొస్తానని ఇంట్లో చెప్పి రేవుకు వెళ్ళాను. పంటు మీద తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారేమోనని మోటారు సైకిళ్ళ మధ్య తల వంచుకుని నిలబడ్డాను. అవతల దిగి మరో బస్సు ఎక్కాను.

ఇక ఆసుపత్రి. ముందు కోపం తీర్చుకుంటాను. ఓపీ చీటీ రాసే అతను ఏ డాక్టరు కావాలన్నాడు. సురక్ష అన్నాను, నా చెవికే వినపడనంత నెమ్మదిగా. "గట్టిగా చెప్పాలమ్మా" అని, మళ్ళీ చెప్పాక తానే గట్టిగా, "ఓ, సుఖవ్యాధులా? వరండా చివర గది" అన్నాడు. వరుసలో ఉన్నవాళ్ళ తలలన్నీ ఒకేసారి తిరిగాయి. చీటీ మీద గది నెంబరు రాసి ఇస్తే సరిపోయేది.

సుఖవ్యాధి అని ఈ జబ్బులకు పేరు పెట్టిన మహానుభావుడు ఎవరో గానీ, పన్నెండు రోజులు నా కడుపుతో పడుకుని చూడాల్సింది. మా అమ్మమ్మ కాలంలో గనేరియాను సెగ అనేవారు, సిఫిలిస్‌ను సవాయి అనేవారు, గజ్జల్లో బిళ్ళ కడితే అడ్డగర్ర అనేవారు. మోటుగానే ఉన్నా అవి జబ్బుల పేర్లు. సుఖవ్యాధి అలా కాదు, అది తీర్పు. నోరు తెరిచి పేరు చెప్పగానే నువ్వేదో అనుభవించావు, దాని ఫలితం ఇది అని వినేవాడు నిర్ణయించేసుకుంటాడు.

గది చిన్నది. బయట రెండు బెంచీలు, ఫ్యాను ఉంది, తిరగదు. లోపల కౌన్సెలర్ బల్ల ఒకవైపు, డాక్టరు బల్ల ఒకవైపు, పరీక్ష చేసే మంచానికి అడ్డంగా పచ్చటి తెర. ఆ తెర నేల నుంచి జానెడు పైనే ఆగిపోయింది. గుడ్డతో పని చేసే దాన్ని కాబట్టి చెబుతున్నాను: కొలత తీసుకున్నవాడు కడ్డీ నుంచి నేల దాకా తీసుకోలేదు, మంచం ఎత్తుకు తీసుకున్నాడు. మంచం మీద పడుకున్నంతసేపూ ఆ జానెడు ఖాళీ మీదే నా ధ్యాస. ఎవరో నడిచి వెళ్ళారు, వాళ్ళ చెప్పుల రంగు కూడా నాకు గుర్తుంది.

ఇంతటితో నా ఫిర్యాదులు దాదాపు అయిపోయినట్టే, ఎందుకంటే లోపలి మనుషులు వేరు.

కౌన్సెలర్ నాకన్నా చిన్నది. నన్ను కూర్చోబెట్టి తలుపు తనే వేసి వచ్చింది. నొప్పి ఎప్పటి నుంచి, జ్వరం ఉందా, నెలసరి ఎప్పుడు వచ్చింది, గర్భం ఉండే అవకాశం ఉందా, ఇంతకు ముందు ఏం మందులు వాడారు అని వరసగా అడిగింది. తర్వాత అదే గొంతుతో, "గడిచిన మూడు నెలల్లో మీకు గానీ మీ వారికి గానీ వేరే భాగస్వాములు ఉన్నారా?" అంది. రేషను దుకాణంలో కార్డులో ఎందరున్నారని అడిగినట్టు అడిగింది. నాకు లేరన్నాను. ఆయన సంగతి అడిగితే తెలియదన్నాను. కాగితం మీద 'తెలియదు' అని రాసుకుని తర్వాతి గడికి వెళ్ళిపోయింది. కనుబొమ్మ కదల్లేదు. అయ్యో అనలేదు. ఆ రెండో దానికే నేను ఎక్కువ భయపడుతూ వచ్చాను.

నేనే ఉండబట్టలేక అడిగాను, ఇది ఆయన వల్లే వచ్చిందా అని. "గర్భసంచి దాకా ఇన్ఫెక్షన్ పాకినట్టుంది. ఇవన్నీ పడక వల్లే రావాలని లేదు. పడక వల్లే వచ్చినా, చాలామందికి నెలల తరబడి ఏ లక్షణమూ ఉండదు. ఎవరి నుంచి ఎవరికి, ఎప్పుడు వచ్చిందో చెప్పే పరీక్ష మా దగ్గర లేదమ్మా. మందు మాత్రం ఉంది" అంది. ఇంకొన్నాళ్ళు సబ్జా నీళ్ళు తాగుతూ కూర్చుంటే ఏమయ్యేదో కూడా చెప్పింది. గర్భనాళాలు మూసుకుపోయి పిల్లలు పుట్టకపోవడం, గర్భం నాళంలోనే నిలిచి ప్రాణం మీదకు రావడం. నాకు పిల్లలు పెద్దవాళ్ళయ్యారు గానీ, మా వీధిలో పెళ్ళయి రెండేళ్ళు కాని కోడళ్ళు ముగ్గురు 'వేడి'తో బాధపడుతున్నారని అప్పుడే గుర్తొచ్చింది.

పరీక్ష చేసింది మహిళా డాక్టరు. చేతి తొడుగు వేసుకునే ముందు ఏం చేయబోతోందో చెప్పి, ఆగి, నేను ఊ అన్నాక చేసింది. నా ఇద్దరు పిల్లల కాన్పుల్లో ఎవరూ నన్ను అలా అడగలేదు.

రక్తం రెండు పరీక్షలకు తీశారు, ఒకటి సవాయికి, ఒకటి హెచ్‌ఐవీకి. రెండో దానికి ముందు పక్క గదిలో కూర్చోబెట్టి, ఇష్టమేనా అని అడిగి సంతకం తీసుకున్నారు. గోడ మీద చట్టం గురించి కాగితం ఉంది, 2017లో చేసినది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్నది. మనిషి ఒప్పుకోకుండా ఆ పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు, ఆ కారణంతో ఉద్యోగం నుంచి తీసేయకూడదు. ఫలితానికి గంటన్నర పడుతుందన్నారు. లాబ్ మధ్యాహ్నానికి మూసేస్తారట, మొదటి పంటుకే బయలుదేరడం మంచిది.

ఆ గంటన్నర బెంచీ మీద కూర్చుని ఫోనులో చదివాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం క్లమీడియా, గనేరియా, సవాయి, ట్రైకోమోనియాసిస్ అనే నాలుగు మాత్రమే, అవీ మందుతో నయమయ్యేవి, 2020లో 15 నుంచి 49 ఏళ్ళ వాళ్ళకు కొత్తగా 37.4 కోట్లు సోకాయి. రోజుకు పది లక్షల పైమాటే. చెంగు తల మీదకు లాక్కుని స్తంభం చాటున కూర్చుని ఈ లెక్క చదువుతున్నాను.

ఇంతలో బెంచీ మీదకు ఒక కుర్రాడు వచ్చాడు. రొయ్యల చెరువుల మీద పని చేసేవాడని కాళ్ళకు పట్టిన బురద చారే చెబుతోంది. కూర్చోబోయి కూర్చోలేక లేచాడు, రెండు పిరుదులూ పట్టుకుని. చేతిలో తెల్ల పొట్లం. గోడ మీద ఏడు రంగుల పొట్లాల పట్టిక ఉంది: బూడిద, ఆకుపచ్చ, తెలుపు, నీలం, ఎరుపు, పసుపు, నలుపు. ఏ లక్షణాలకు ఏ రంగో అందులో ఉంది. తెలుపు పుండ్లకు, పెన్సిలిన్ సూదితో కలిపి. నేను పట్టిక చూసి, కుర్రాడి చేయి చూసి, ఓహో అనుకున్నాను. వరండాలో నా వైపు తిరిగిన తలలను తిట్టుకుని గంట కాలేదు, నేనూ అదే పని చేశాను. ఆ కుర్రాడు నా వైపు చూడనైనా లేదు, పాపం, ఆ సూది అంత నొప్పి పెడుతుందట.

నా రెండు పరీక్షల్లోనూ ఏమీ లేదని వచ్చింది. నాకు రాసింది పసుపు పొట్లం.

మందులిచ్చే కిటికీ దగ్గర నాకు ఈ సేవలో అన్నిటికన్నా నచ్చిన సంగతి జరిగింది. అక్కడ జబ్బు పేరే వినపడదు. "పసుపు ఒకటి" అని లోపలికి కేక, "పసుపు ఒకటి" అని బదులు. దారం ఉండలు కొనే దుకాణంలో ఉన్నట్టే ఉంది. ఓపీ చీటీల దగ్గర కూర్చున్న అతన్ని వారం రోజులు ఈ కిటికీలో కూర్చోబెడితే బాగుంటుంది.

పొట్లంలో 57 మాత్రలు. ఒకటి అక్కడే మింగాలి. మిగిలినవి రెండు రకాలు, ఒక్కోటి 28, పొద్దున ఒకటి రాత్రి ఒకటి చొప్పున 14 రోజులు. అక్కడే మింగమన్నారు గానీ దగ్గర్లో తాగే నీళ్ళు లేవు. నా సీసాలో నీళ్ళు అయిపోయాయి. గేటు బయట టీ కొట్టు దాకా వెళ్ళి వచ్చాను. ఒక రకం మాత్ర వేసుకున్నాక వెంటనే పడుకోకూడదు, నీళ్ళు బాగా తాగాలి, ఎండలో తిరగకూడదు. ఇంకో రకం నోటిని పాడు చేస్తుంది. రాగి చెంబు అంచు చప్పరిస్తున్నట్టు పద్నాలుగు రోజులూ అదే రుచి, చేపల పులుసు పెట్టినా అదే. ఇంట్లో పొట్లాన్ని లేసు దారాల డబ్బాలో, పసుపు ఉండల కింద దాచాను.

కౌన్సెలర్ ఒక చిన్న చీటీ కూడా ఇచ్చింది. దాని మీద నా నెంబరు ఒక్కటే ఉంది. మీ వారిని తీసుకురండి, ఆయన వాడకపోతే మీరు వాడినదంతా వృథా, ఇద్దరికీ పూర్తయ్యే దాకా కలవవద్దు అంది. మూడో రోజున నన్ను మళ్ళీ చూడాలన్నారు కాబట్టి, ఆ రోజే ఆయన్నీ తీసుకెళ్ళాలి.

ఆ రెండు రాత్రుల గురించి ఎక్కువ రాయను. ఆయనకు కోపం కన్నా భయం ఎక్కువని మొదటి రాత్రే తెలిసింది. గల్ఫ్ వెళ్ళేవాళ్ళకు ప్రయాణానికి ముందు వైద్య పరీక్ష ఉంటుంది, రక్తం తీస్తారు, కాగితం మీద 'ఫిట్' అనో 'అన్‌ఫిట్' అనో వస్తుంది. మా వైపు ఆ రెండో మాట చాలా పెద్దది. ఫలానా వాడి మెడికల్ పోయిందట అంటే ఊపిరితిత్తుల మీద పాత మచ్చ ఉన్నా సరే, ఊరు ఇంకోటే అనుకుంటుంది. సంబంధాలు తప్పిపోయిన ఇళ్ళున్నాయి. "ఆ గదిలోకి వెళ్ళానని తెలిస్తే నా పని అయిపోయినట్టే" అన్నారాయన. నాకు ఒంట్లో ఏమీ లేదు అని పదిసార్లు అన్నారు. నేను లేసు అల్లుకుంటూ కూర్చున్నాను. ఎవరి మీదా నింద వేసే చీటీ కాదిది, నెంబరు తప్ప ఏమీ లేదు, చూసుకోండి అని ముందు పెట్టాను. తిప్పి తిప్పి చూశారు, వెనక కూడా.

మూడో రోజు వచ్చారు. కౌన్సెలర్ నన్ను బయట కూర్చోమని ఆయనతో విడిగా ఇరవై నిమిషాలు మాట్లాడింది. ఆయన మొహం కడుక్కున్నవాడిలా బయటికి వచ్చి, బూడిద రంగు పొట్లం తీసుకున్నారు. అందులో ఎన్ని మాత్రలో తెలుసా? రెండు. టీ కొట్టు దగ్గర నీళ్ళతో రెండూ ఒకేసారి మింగి, "ఇంతేనా?" అన్నారు.

నాకు 57, ఆయనకు రెండు. ఇది క్లినిక్ తప్పు కాదని నాకు తెలుసు. గర్భసంచి నాకుంది, ఆయనకు లేదు. అయినా ఈ లెక్క మీద నాకున్న కోపం ఇంకా తగ్గలేదు, రాయాల్సిన చోట రాస్తున్నాను.

ఆయన పొట్లం కోసం వెళ్ళినప్పుడు నేను లోపలికి దూరి, ఏం చెప్పారు అని కౌన్సెలర్‌ను అడిగాను. "మొన్న మీరు చెప్పినవి ఆయనకు చెప్పానా అమ్మా?" అంది. ఆ నిమిషానికి ఒళ్ళు మండింది. పెళ్ళాన్ని, నాకు చెప్పకపోతే ఎవరికి చెబుతుంది అనుకున్నాను. పంటు ఎక్కాక, నది మధ్యలో, ఆ మాట వేరుగా వినిపించింది. ఆ బల్ల ముందు నేను ఆ రోజు నా పెళ్ళికి ముందు సంగతి ఒకటి కూడా చెప్పి ఉన్నాను. ఆయన రేవు చేరే ముందు వేరుశనక్కాయలు కొని పొట్లం నా చేతిలో పెట్టారు. ఏమైనా చెబుతారేమో అనుకున్నాను. తర్వాత ఒక రాత్రి చెప్పారు. అది ఇక్కడ రాయను.

మార్కులు వేయాలంటే, లోపలి గదికీ మనుషులకూ అయిదుకు అయిదు. బయటి కౌంటరుకు సున్నా. తెరకు ఒకటి, అదీ ఉన్నందుకు. ఖర్చు విషయానికొస్తే, క్లినిక్‌లో పరీక్షకూ మందుకూ పైసా తీసుకోలేదు. పంటు, బస్సు, ఆటో, ఇడ్లీ కలిపి మనిషికి 200 లోపు. అంతకు ముందు సూదులకూ తెలియని మాత్రలకూ అయింది దానికి నాలుగింతలు. వెళ్ళడానికి ముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 1097 అని ఉచిత నెంబరు ఉంది. హెచ్‌ఐవీ గురించి పెట్టినదే గానీ ఈ జబ్బుల గురించి అడిగినా చెబుతారు. తెలుగులో మాట్లాడారు, పేరు చెప్పమని అడగలేదు. నిరోధ్‌లు బల్ల మీద డబ్బాలో ఉంటాయి, అడగకుండా తీసుకోవచ్చు. నేను తీసుకోలేదు, రెండోసారి ఆయన తీసుకున్నారు.

మాత్రలు పూర్తయ్యాక మూడోసారి ఒక్కదాన్నే వెళ్ళాను. సలుపు లేదు, జ్వరం లేదు. వరండా బెంచీ మీద మా ఊరావిడ ఉంది, రెండు వీధుల అవతల ఇల్లు, నాలాగే లేసు అల్లుతుంది. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని, చూడనట్టు గోడల వైపు తిరిగాం. ఆవిడ నెంబరు పిలిచారు, వెళ్ళింది. నా నెంబరు పిలిచారు, వెళ్ళాను. బస్సులో ఆవిడ ముందు సీట్లో, నేను వెనక.

పంటు మీద మాత్రం నిలబడే చోటు ఒకటే మిగిలింది. మోటారు సైకిళ్ళ పొగలో పక్కపక్కనే కమ్మీ పట్టుకున్నాం. సగం నది దాటే దాకా ఇద్దరం నీళ్ళనే చూస్తున్నాం. అప్పుడావిడ సంచి పట్టుకున్న చేయి కొద్దిగా ఇటు తిప్పి, నా వైపు చూడకుండానే, "నీది ఏ రంగు వదినా?" అంది.

"పసుపు."

"నాది ఆకుపచ్చ" అంది. కాసేపాగి, నోరు చేదుకు ఏం తినేదానివి అని అడిగింది. ఉసిరికాయ పచ్చడి అన్నాను. సాయంత్రం ఒక గిన్నె పంపిస్తానన్నాను.